ఖాళీ ఇంట్లో దీపం

నవంబర్ మొదటి గురువారం సాయంత్రం ఆరుంపావుకి, ఖాళీగా ఉందని యజమాని రాసిచ్చిన ఇంట్లో దీపం వెలుగుతూ కనిపించింది. చూసింది వార్డు సచివాలయం ఉద్యోగిని వీరవేణి. ఆ ఇల్లు ఖాళీయో కాదో తేల్చడమే ఆమె వచ్చిన పని.

ఇల్లు భీమవరంలో ఉంది. కింద వాటాలో యుగంధర్, అతని తల్లి చిట్టెమ్మ ఉంటారు. పై వాటా అద్దెకిచ్చేది. రొయ్య ధర పడిపోయాక రైతులు చెరువుల్లో పిల్ల వెయ్యడం మానేశారు. పై వాటాలో ఉన్న టెక్నీషియన్లను మేత కంపెనీ వెనక్కి పిలిపించుకుంది. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు అమ్మే యుగంధర్ షాపులో ఈగలు తోలుకుంటున్నాడు.

ఇల్లు ఖాళీగా ఉన్న అర్ధ సంవత్సరానికి ఆస్తి పన్నులో సగం దాకా తగ్గించమని అడగొచ్చని అతనికి ఎవరో చెప్పారు. దాన్ని వేకెన్సీ రెమిషన్ అంటారు. అతను దరఖాస్తు పెట్టాడు. రెమిషన్ రాకపోతే పై వాటాని తన ఎండు రొయ్యలకి గోడౌన్‌గా ఇచ్చెయ్యాలని మేనమామ హరిబాబు పట్టుబట్టాడు. నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. హరిబాబు వీధి మలుపులో ఉండగానే ఆయన వస్తున్న సంగతి ఇంట్లోవాళ్ల ముక్కులకి తెలిసిపోతుంది. ఆ ముక్కుల కోసమైనా రెమిషన్ రావాలి.

"పైన ఎవరున్నారండి?" అని అడిగింది వీరవేణి.

"ఎవరూ లేరండి."

"దీపం ఎవరు పెట్టారు?"

"మా అమ్మండి."

"ఎవరి కోసం?"

యుగంధర్ ఆలోచించాడు. "దేవుడి కోసమండి."

"అయితే పైన దేవుడు ఉంటున్నారని రాసుకోనా?"

"ఉంటే ఉంటారు గానీ అద్దె ఇవ్వరండి."

"ఆయన ఉంటే అది గుడి అవుతుంది. గుడికి అసలు పన్నే ఉండదు. అప్లికేషన్ మార్చుకుంటారా?"

వీరవేణి నవ్వలేదు. నవ్విందని యుగంధర్ తర్వాత చాలామందికి చెప్పాడు.

చిట్టెమ్మ మెట్ల దగ్గరికి వచ్చింది. "ఇల్లన్నాక సందె దీపం పెట్టకుండా ఎలా వదిలేస్తానమ్మా? మనుషులు లేరని దాన్ని చీకట్లో ఉంచుతామా?"

"దీపం కనపడితే మనిషి ఉన్నట్టే అనుకుంటారండి పిన్నిగారూ. పోనీ, దీపం ఒక్కటే అయితే ఏదో చెప్పుకోవచ్చు. పైన వడియాలు ఉన్నాయి. మడత మంచం ఉంది. దాని మీద దిండు ఉంది."

"దిండు నాదండి. మధ్యాహ్నం కాసేపు..." అన్నాడు యుగంధర్.

"అంటే మీరు ఉంటున్నారు."

"ఉండట్లేదండి. పడుకుంటున్నాను."

"అవన్నీ తీసేయండి. దీపం ఆపండి. మళ్లీ వస్తాను. ఎప్పుడొస్తానో చెప్పను."

"చెప్పకపోయినా పర్లేదండి. నేను ఇక్కడే ఉంటాను."

"మీరు ఉండకూడదనే చెప్తున్నాను."

మంగళవారం సాయంత్రం ఆమె మళ్లీ వచ్చింది. మంచం లేదు, వడియాలు లేవు. దీపం ఉంది.

"అమ్మకి చెప్పానండి," అన్నాడు యుగంధర్.

"విన్నారా?"

"విందండి. విని పెట్టింది."

అప్పుడే వాన మొదలైంది. ఆ వెంటనే కరెంటు పోయింది. వీధి మొత్తం మీద వెలుగు ఆ దీపానిదే. యుగంధర్ కిందికెళ్లి తువ్వాలు ఒకటి తెచ్చాడు. వీరవేణి వద్దంది. అతనే కప్పుకున్నాడు.

ఆమె ఫోను తీసింది. ప్రతి గదినీ ఫొటో తియ్యాలి. ఫొటోలో మనిషి ఉండకూడదు.

"జరగండి."

జరిగాడు.

"ఇంకొంచెం."

జరిగి కిటికీ పక్కకి వెళ్లాడు. కిటికీ అద్దంలో పడ్డాడు.

"బయటికి వెళ్లండి."

"వానండి."

ఆమె ఫోను దించి గుమ్మం దగ్గర నిలబడింది. వాన తగ్గేలా లేదు. మాట కలపడానికి యుగంధర్ ఆమెది ఏ ఊరని అడిగాడు. కాకినాడ అవతల సముద్రపు ఒడ్డు అని చెప్పింది. నాన్నా అన్నా వేటకి వెళ్తారు. తాతగారి ఇల్లు సముద్రంలోకి పోయింది.

"ఇప్పుడు దాంట్లో ఎవరుంటున్నారండి?"

"చేపలు."

"అంటే ఖాళీ కాదు."

ఈసారి నిజంగానే నవ్వింది. కిటికీ పక్కన అతనూ నవ్వాడు. నవ్వులు ఆగేలోపు ఆమె ఫొటో కూడా తీసింది.

శుక్రవారం ఆమె అతన్ని సచివాలయానికి రమ్మంది.

"పై ఆఫీసరు ఫొటో వెనక్కి పంపారు. అద్దంలో ఉన్న మనిషి ఎవరని అడిగారు."

"ఓనరని చెప్పండి."

"చెప్పాను. ఖాళీ ఇంట్లో ఓనరు తువ్వాలు కప్పుకుని ఎందుకు నవ్వుతున్నాడని అడిగారు."

"ఏం చెప్పారండి?"

వీరవేణి పెన్నుకి మూత పెట్టింది. "మీ ఇంటికి ఇన్‌స్పెక్షన్‌కి ఇంక నేను రాను. మీ ఫైలు మా ఆఫీసులో లోవరాజు గారికి ఇమ్మన్నాను."

యుగంధర్ కుర్చీలోంచి లేచాడు. "దీపం ఇవాళే ఆపించేస్తానండి."

"దీపం సంగతి కాదు. సొంతవాళ్ల ఇళ్లు మేం చూడకూడదు."

"మనం సొంతవాళ్లం కాదు కదండి."

వీరవేణి అతని ముఖంలోకి చూసింది. అతనికి ఏమైనా తడుతుందేమోనని ఆగింది. తట్టలేదు.

"ఏరేటర్ల గురించి మీకు బాగా తెలుసటగా," అంది. "వెళ్లి అవే చూసుకోండి."

యుగంధర్ బండి మీద బయల్దేరాడు. కాలవ వంతెన మధ్యకి వచ్చాక విషయం అర్థమై బ్రేకు వేశాడు. వెనక ఐసు లారీ డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు. యుగంధర్ అతనికి థాంక్స్ చెప్పాడు.

ఇంటికి వచ్చేసరికి చిట్టెమ్మ అగ్గిపెట్టెతో మెట్లెక్కుతోంది.

"అమ్మా, ఆపమన్నాను కదా. మంగళవారం ఆ అమ్మాయి ముందు నా పరువు తీశావు."

"దీపం లేకపోతే ఖాళీ అని ఆ రోజే రాసేసుకుని పోయేది. రాసేసుకుంటే మళ్లీ ఎందుకొస్తుంది?"

యుగంధర్ మెట్టు మీద కూర్చున్నాడు. "రెమిషన్ రాకపోతే మావయ్య గోడౌన్ పెడతాడు కదే."

"నా తమ్ముడి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ఆ పిల్ల సంగతి చూడు."

"వాళ్లు సముద్రం మీద వేటకెళ్లేవాళ్లమ్మా."

"అయితే ఏంటి? మనవాళ్లు చెరువులో పెంచారు, వాళ్లు సముద్రంలో పట్టారు. రొయ్య రొయ్యేగా."

అగ్గిపెట్టె కొడుకు చేతిలో పెట్టి కిందికి దిగిపోయింది. ఆ సాయంత్రం పై వాటాలో దీపం వెలగలేదు.

శనివారం ఆఫీసు వదిలే వేళకి సచివాలయం గేటు దగ్గర యుగంధర్ గొడుగుతో నిలబడ్డాడు. వాన లేదు.

"గొడుగెందుకండి?" అంది వీరవేణి.

"వాన వస్తే ఉంటుందని. సొంతవాళ్లం అవుదామండి."

"ఇది అప్లికేషనా?"

"ఆయ్."

"నెల రోజుల్లో చెప్తాం."

"అంత టైమా అండి?"

"రూలు అది. ముందు ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. మా అమ్మ వస్తుంది, మా అన్న వస్తాడు. ఆ తువ్వాలు మాత్రం కప్పుకోకండి."

"మరి మీ సంగతి?"

వీరవేణి ఆటో స్టాండు వైపు నడిచింది. అతను గొడుగు తెరిచి పక్కనే నడిచాడు. స్టాండు రాకముందే ఆమె సరేనంది.

సోమవారం లోవరాజు వచ్చాడు. పై వాటాలో మనిషి లేడు, మంచం లేదు, దీపం లేదు. ఖాళీ అని రాశాడు. అక్టోబరు నుంచి మార్చి దాకా రెమిషన్ ఇచ్చారు. హరిబాబు ఎండు రొయ్యలకి ఊరి బయట షెడ్డు చూసుకున్నాడు. వీరవేణి వాళ్ల అమ్మా అన్నా చేపలబుట్టతో వచ్చి, ఇల్లంతా చూసి, భోంచేసి వెళ్లారు. మార్చి నెలాఖరులో పెళ్లయింది.

ఏప్రిల్‌లో కొత్త అర్ధ సంవత్సరం మొదలైంది. పై వాటా మీద రెమిషన్ దరఖాస్తు రాలేదు. పన్ను పూర్తిగా కట్టారు.