అమ్ముడుపోని మాత్ర

పొద్దున్నే కూరగాయల డబ్బు దాచే డబ్బా మూత తీసి కోడలు మురిసిపోయింది. నెలాఖరైనా డబ్బా అడుగు కనిపించలేదు.

"చూశారా అత్తయ్యా, నాకూ పొదుపు అబ్బింది. ఇక మీ అబ్బాయి నన్ను చిల్లుకుండ అనడానికి లేదు."

గుమ్మం దగ్గర అత్తగారు చెప్పుల్లో పాదాలు దూర్చలేక తంటాలు పడుతోంది. చివరికి వెనక పట్టీలు తొక్కేసి నిలబడి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"చెప్పులు బిగుతయ్యాయా? కొత్తవి తెస్తాను."

"తప్పు చెప్పులది కాదులే, వయసుది. నువ్వు బయల్దేరు. మందుల ధరలన్నీ నీకోసం కాచుక్కూచుని ఉంటాయి."

ధరల లెక్కలు కట్టే ఆఫీసులో కోడలి ఉద్యోగం. ప్రతి నెలా అవే కొట్లకు వెళ్ళి, అవే మందుల ధరలు అడగాలి. కంపెనీ మారకూడదు, మోతాదు మారకూడదు. డాక్టరు చీటీ మీద నిజంగా అమ్ముడైన మందుకే ధర రాయాలి. అలా నెల పక్కన నెల పేర్చుకుంటూ పోతేనే ధర ఎటు నడుస్తోందో తెలుస్తుంది. మూడు నెలలు వరసగా ఎవరూ కొనని మందును తీసేసి, ఆ చోట వేరేది పెట్టాలి.

తమ వీధి చివరి మందుల కొట్టతను ఆమెను చూడగానే అన్నాడు. "మీ జాబితాలోంచి ఆ గుండె మాత్ర కొట్టెయ్యండి మేడమ్. ఈ నెల కూడా పోలేదు."

"ఏంటి, జనానికి గుండెలు బాగైపోయాయా?"

అతను నవ్వలేదు. "నా దగ్గర అది కొనేది ఒక్కరే. మీ అత్తగారు. వేరే చోట కొంటున్నారేమో అనుకున్నా."

ఆమె కలం ఆగిపోయింది. పొద్దున చెప్పుల్లో పట్టని పాదాలు కళ్ళముందు మెదిలాయి. తర్వాత ఆ డబ్బా.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది.

"మాత్రలెందుకు మానేశారు?"

"కొట్టతను చెప్పాడా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"మాట దాటెయ్యకండి. మీకు నేనేం తక్కువ చేశాను? తెలిస్తే నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరూ?"

ముసలామె కిటికీ వైపు చూసింది. "ఆ రోజు అన్నాల దగ్గర నువ్వేగా చెప్పావు."

కోడలికి గుర్తొచ్చింది. మూడు నెలల కిందట, ఆఫీసులో పెద్ద విషయం పట్టుకున్నానని పొంగిపోతూ వచ్చింది. అత్తగారి గుండె మాత్రల అట్ట ధర అదే ఉంచి, కంపెనీవాళ్ళు అందులో పదిహేను మాత్రల్ని పది చేశారు. అది ఎవరి కంటా పడలేదు, తన కంట పడింది. "మా లెక్కలో మీ మాత్రంత పెరిగింది ఇంకోటి లేదు అత్తయ్యా," అని నవ్వుతూ చెప్పి, రెండోసారి కూర వేసుకుంది.

"అది ఉత్త ఆఫీసు కబురు అత్తయ్యా."

"నీకు ఆఫీసు కబురే. నాకు ముద్ద గొంతు దిగలేదు. నా మందులు బరువయ్యాయని పైకి అనలేక అలా చెప్పావనుకున్నా. అబ్బాయి మందులకిచ్చిందంతా నీ కూరగాయల డబ్బాలోనే వేశా."

కోడలు ఊరంతటి మందుల ధరలు తెలుసుకోగలిగింది గాని, తన ఇంట్లో మందు ఆగిపోవడం తెలుసుకోలేకపోయింది. లెక్కల్లో ధర పక్కన ధర ఉంటుంది. కొనడం మానేసిన మనిషికి అందులో గడి ఉండదు.

సాయంత్రం డాక్టరు పరీక్ష చేసి మళ్ళీ అవే మాత్రలు రాశాడు. పాదాల వాపు తగ్గుతుందన్నాడు. గుండె పోగొట్టుకున్న బలం మాత్రం మొత్తం తిరిగి రాదన్నాడు.

ఇంటికి చేరాక కోడలు మంచం పక్కన నేల మీద కూర్చుంది. అత్తగారి పాదం నొక్కితే వేలిగుంట అలాగే ఉండిపోయింది. దాన్ని చూసేసరికి అంతవరకూ ఆపుకున్న ఏడుపు కట్ట తెంచుకుంది.

"నామీద కోపంగా ఉందా అత్తయ్యా?"

"నీ మీద కాదే పిచ్చిదానా. ఒక్కమాట అడగలేకపోయానే అని నామీద నాకే." అత్తగారు చెయ్యి చాపింది. "ఏదీ, ఆ మాత్ర ఇలా ఇవ్వు. ఈసారి రేటు మాత్రం చెప్పకు."

కోడలు అట్ట చించి, మాత్రను ఆ అరచేతిలో పెట్టి, అది గొంతు దిగేదాకా గ్లాసు పట్టుకుని ఉంది.