కలిసిరాని పేరు

వ్యాపారం ఎవరి పేరు మీద ఉంటే వారి అదృష్టమే దానికి పడుతుందని లోకంలో ఒక గట్టి నమ్మకం ఉంది. ధర్మవరం పట్టు వ్యాపారుల్లో ఈ నమ్మకం అంగళ్ళ బోర్డుల మీదే కనిపిస్తుంది: భార్య పేరు, కోడలి పేరు, పుట్టి నెల తిరగని మనుమరాలి పేరు. లాభం వస్తే పేరు కలిసివచ్చిందంటారు. నష్టం వస్తే పేరు మారుస్తారు. సరుకునో ధరనో తమ పద్ధతినో అనుమానించడం కన్నా పేరును అనుమానించడం సులువు.

తిప్పేస్వామి ఇంట్లో మూడు సంస్థలున్నాయి. నూలు అంగడి ఆయన పేరు మీద, చీరల హోల్‌సేల్ కొడుకు ఓబిలేష్ పేరు మీద, పట్టు నూలుకు రంగులద్దే షెడ్డు కోడలు సునంద పేరు మీద. అంగడి లెక్కలు ఒక పాత కంప్యూటర్లో, చీరల లెక్కలు ఓబిలేష్ ఫోన్లో, షెడ్డు లెక్కలు సునంద రాసుకునే పుస్తకాల్లో ఉండేవి. ఈ గందరగోళంతో విసిగిపోయిన ఆడిటరు, ఏప్రిల్ నుంచి మూడింటికీ పనికివచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచుకోకపోతే తాను సంతకం చేయనని తేల్చిచెప్పాడు. అందుకే ఆ శనివారం ఉదయం అనంతపురం నుంచి సలీం లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. అతడు కామర్స్ చదివినవాడు, మాటకారి, ఓబిలేష్‌తో కలిసి కాలేజీకి వెళ్ళినవాడు.

అప్పటికి సునంద షెడ్డు నుంచి వచ్చి ఎంతోసేపు కాలేదు. బోరు శీతాకాలం దాటకముందే ఎండిపోయింది. నీళ్ళ ట్యాంకరు తెల్లవారుజామున వస్తుంది. అది వచ్చే వేళకు ఆమె అక్కడ ఉండకపోతే డ్రైవరు సగం నీళ్ళు పక్క వీధికి మళ్ళించేస్తాడు. ఎన్నిసార్లు కడిగినా ఆమె చేతులకు మణికట్టు దాకా కుంకుమరంగు మిగిలే ఉంటుంది. వంటింట్లో అత్త రామాంజినమ్మ బొరుగులతో ఉగ్గాని కలుపుతోంది. బజ్జీలు నూనెలో ఉన్నాయి. మిగతా నలుగురూ హాల్లో చాప మీద కూర్చున్నారు.

సలీం రెండు రకాలు చూపించాడు. మొదటిది చవక. అందులో ఒకే సంస్థ ఉంటుంది. మిగిలినవాటిని దాని కింద శాఖలుగా రాసుకోవాలి. పాస్‌వర్డ్ ఒకటే. రెండోదానికి ఖర్చు ఎక్కువ. అందులో ప్రతి సంస్థకూ విడి పుస్తకం, ప్రతి యజమానికీ విడి పాస్‌వర్డ్. ఒక సంస్థ మరో సంస్థకు సరుకిచ్చినా పని చేసిపెట్టినా ఇచ్చినవారు బిల్లు వేయాలి, పుచ్చుకున్నవారు ఒప్పుకోవాలి. అప్పుడే రెండు పుస్తకాల్లోనూ ఎక్కుతుంది. చివరికి మూడింటినీ కలిపి ఇంటి మొత్తం పరిస్థితి ఒకే తెర మీద కనిపిస్తుంది.

తిప్పేస్వామికి మొదటిదే నచ్చింది. ఒక పొయ్యి మీద వండుకునే ఇంటికి మూడు తాళాలు ఎందుకన్నది ఆయన వాదన. సలీం నవ్వాడు.

"పొయ్యి ఒకటే పెద్దాయనా, పాన్ కార్డులు మూడుండాయి. ఈ చవకదాంట్లో పెడితే రేపు నోటీసు వచ్చినప్పుడు నన్ను తిడతారు. నాకు తిట్లు తినే ఓపిక ల్యా."

ఆయన గొణిగి, చివరికి ఒప్పుకున్నాడు. సలీం రెండోదాన్ని తెరిచి సంస్థల వివరాలు అడగసాగాడు. మొదటి పేరు, రెండో పేరు రాసుకున్నాడు. మూడోదానికి వచ్చేసరికి తిప్పేస్వామి గొంతు సవరించుకున్నాడు.

"దానికి సుష్మ పేరు వెయ్యప్పా. కొత్త రిజిస్ట్రేషన్‌కు నేను చెప్పి పెట్టినా. ఉగాది నాటికి వచ్చేస్తాది."

సుష్మ ఆయన కూతురు. పెళ్ళయి బత్తలపల్లిలో ఉంటుంది. ఆ షెడ్డు గడప తొక్కి ఎరుగదు.

సలీం వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. సునంద మామవైపు చూడలేదు, భర్తవైపు చూసింది. ఓబిలేష్ తల వంచుకుని చాప అంచు పీకుతున్నాడు. ఆ ఒక్క చూపులో ఆమెకు విషయమంతా అర్థమైంది.

"నీకు ముందే తెలుసునా?" అని అడిగింది.

"నాయన చెప్పినాడు. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"బాధపడతానని చెప్పలేదా, ఒప్పుకోనని చెప్పలేదా?"

తిప్పేస్వామి నచ్చచెప్పే ధోరణిలో అందుకున్నాడు. కోడలి మీద తనకు కోపం లేదన్నాడు. ఆమె కష్టం తనకు తెలియనిది కాదన్నాడు. కానీ షెడ్డు పెట్టిన నాటి నుంచి ప్రతి ఏడూ నష్టమే, అంగడీ హోల్‌సేలూ మాత్రం నిలబడుతున్నాయి, కాబట్టి లోపం పేరుబలంలో ఉందని గుంతకల్లులో సంఖ్యాశాస్త్రం చూసే ఆయన చెప్పాడన్నాడు. పని మునుపటిలాగే సునంద చేసుకోవచ్చు; పేరు మాత్రం మారుతుంది. ఇందులో ఎవరికీ వచ్చిన నష్టం ఏమీ లేదన్నాడు.

సునందకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆమె సలీంను అడిగింది, ఈ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టడానికి ఇంకా ఏమేం వివరాలు కావాలని. ఒక సంస్థ మరో సంస్థకు ఏ పని ఏ రేటుకు చేస్తుందో కావాలన్నాడు సలీం. షెడ్డులో అంగడి నూలుకూ చీరల నూలుకూ అద్దకం కిలోకు ఎంతో చెప్పమన్నాడు.

"ఇంట్లో పనికి రేటేందప్పా? మన పట్టు మనం అద్దుకుంటాండాం. ఏ పొద్దూ బిల్లు రాసింది ల్యా," అన్నాడు తిప్పేస్వామి.

"అదే మామా నేను కూడా అడిగేది." సునంద చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నీళ్ళ ట్యాంకరు దుడ్లు నా షెడ్డు ఇస్తాది. రంగులు, సోడా, కట్టెలు, ఆడ పనిచేసే కదిరమ్మ కూలి, అన్నీ నా షెడ్డువే. అద్దిన నూలు మాత్రం మీ అంగట్లో అమ్ముడుపోతాది, ఈయన చీరల్లోకి పోతాది. బయటి నుంచి వచ్చే నాలుగు మగ్గాలోళ్ళ పని తప్ప నాకు ఒక్క పైసా ఎవురూ రాయరు. మన పట్టు అంటాండారు కదా. మనదైనప్పుడు లాభం మీ ఇద్దరికీ, నష్టం నా పేరుకూ ఎట్లొచ్చింది?"

తిప్పేస్వామి అటువంటి ప్రశ్నను ఊహించలేదు. ఇంట్లో వాళ్ళకు బిల్లులు రాసుకోవడం పరాయివాళ్ళ పద్ధతి అన్నాడు. తన నాయన తనకు ఏనాడూ బిల్లు రాయలేదన్నాడు. తాను తినే కూటికి కోడలు లెక్క అడుగుతున్నట్టుగా ఉందని అన్నాడు. ఆ మాట అన్న తర్వాత ఆయనకే ఇబ్బందిగా తోచింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

"కూటికి లెక్క అడగడంల్యా. నా మీద నింద వేసినారు కదా, దానికి అడుగుతాండా. మా అమ్మానాయనలు పెట్టిన పేరు దరిద్రపుదని మీకు ఎవుడో గుంతకల్లులో చెప్తే విన్నారు. ఆ షెడ్డులో ఉడికే నీళ్ళ ముందర నిలబడేదాన్ని నన్ను మాత్రం ఎవురూ అడగలే. సుష్మ పేరు పెట్టినా ఇట్లే నష్టం వస్తాది మామా. అప్పుడు ఆ పిల్ల పేరు కూడా చెడ్డదంటారా?"

పరాయి మనిషి ఎదుట కోడలు ఇలా మాట్లాడటం తిప్పేస్వామికి గిట్టలేదు. ఆయన లేవబోయాడు. అంతలో వంటింటి గడప దగ్గర రామాంజినమ్మ కనిపించింది. చేతిలో ఉగ్గాని గిన్నె అలాగే ఉంది. ఎప్పటి నుంచి అక్కడ నిలబడి వింటున్నదో ఎవరూ గమనించలేదు.

"కూర్చో," అంది భర్తతో.

ఆమె ఆయనతో అలా మాట్లాడగా కొడుకు ఎన్నడూ వినలేదు. తిప్పేస్వామి కూర్చున్నాడు.

ఆ ఇంట్లో మొట్టమొదటి నూలు అంగడి రామాంజినమ్మ పేరు మీద ఉండేది. అది ఓబిలేష్ పుట్టకముందు మాట. వానలు మొహం చాటేసిన ఒక కరువు ఏడాది ఆ అంగడి మూతపడింది. ఆమె పేరు కలిసిరాలేదని అందరూ అనుకున్నారు. ఆమె అందరి కన్నా గట్టిగా అనుకుంది. తిప్పేస్వామి ఆ రోజుల్లో ఇంటి వెనక మగ్గాలు నడిపేవాడు. తర్వాత ఆయన పేరు మీద తిరిగి తెరిచిన అంగడే ఇప్పటిది.

"నా పేరు మీద అంగడి ఉన్నప్పుడు, నీ మగ్గాలకు నూలు యాడనుంచి పోయేది?" అని అడిగింది ఆమె.

"మన అంగట్లోనుంచే."

"బిల్లు రాసినారా?"

తిప్పేస్వామి సలీం వైపు, కొడుకు వైపు చూశాడు. తర్వాత తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. అబద్ధం ఆడటం ఆయనకు అలవాటు లేదు.

"రాయలే," అన్నాడు.

రామాంజినమ్మ గిన్నె గడప మీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, తనకు తానే వివరించుకుంటున్నట్టు చెప్పుకొచ్చింది. అంగడి మూసిన నాటి నుంచి తన చేత్తో ఏ శుభకార్యమూ మొదలుపెట్టలేదంది. కొత్త మగ్గానికి పడుగు ఎక్కిస్తే పసుపు కుంకుమ ఇంకొకరి చేత పెట్టించిందట. అంగడి ఉదయం తెరిచే వేళకు ఎదురుపడకుండా పెరట్లోకి పోయేదట.

"సుష్మ పెండ్లికి పసుపు దంచేటప్పుడు, తల్లివి నువ్వే మొదటి పోటు వెయ్యల్ల అన్నారు. నడుము నొప్పి అని చెప్పి మీ అక్కకు ఇచ్చినా రోకలి. నడుము నొప్పి కాదు. నా చెయ్యి పడితే బిడ్డ కాపురానికి ఏమన్నా అయితాదని భయం." ఆమె భర్త వైపు తిరిగింది. "ఒక్క బిల్లు రాసింటే నాకు ఈ భయం ఉండేది కాదు కదయ్యా. నా బిడ్డ పెండ్లి నేను దూరం నుంచి చూసినా."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సునంద లేచి వెళ్ళి అత్త పక్కన కూర్చుని, ఎర్రబారిన తన చేతులతో ఆమె చేతులు పట్టుకుంది. ఓబిలేష్ కళ్ళు తుడుచుకున్నాడు. ముందే చెప్పి ఉండాల్సిందని, తప్పు తనదేనని భార్యతో అన్నాడు. ఆమె అవునంది. అంతమాత్రాన అతణ్ణి క్షమించలేదు. తర్వాత మాట్లాడుకోవచ్చని మాత్రం ఊరుకుంది.

తిప్పేస్వామి కళ్ళలోంచి కూడా నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవాలన్న స్పృహ లేదు. భార్యను ఏదో అడగబోయి ఆగాడు. చివరికి కోడలి వైపు తిరిగాడు.

"కిలోకు ఎంత తీసుకుంటావమ్మా?"

"వీధిలో అందురికీ ఎంతో మీకూ అంతే మామా."

"ఇంట్లోవాళ్ళకు ఏమన్నా తగ్గించవా?"

"తగ్గించను. నెలాఖరు దాకా ఆగుతా. అది కూడా మీరు మామ అని, ఈయన మొగుడని కాదు, అందురికీ అంతే."

సలీం తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. తిప్పేస్వామి కండువాతో ముఖం తుడుచుకుని, సుష్మ పేరు తీసేసి సునంద పేరే రాయమన్నాడు. షెడ్డు పాస్‌వర్డ్ పెట్టుకోవడానికి సలీం లాప్‌టాప్‌ను సునంద వైపు తిప్పి, తాను ముఖం అటు తిప్పుకున్నాడు. బజ్జీలు మాడిన వాసన హాల్లోకి వచ్చింది. వాటిని దించడానికి ఓబిలేష్ లేచాడు.

ఏప్రిల్ నుంచి అద్దకానికి బిల్లులు వేశారు. మొదటి నెల తిప్పేస్వామి రెండు బిల్లులు ఒప్పుకోకుండా వారం పాటు ఆపి, తూకం సరిచూసుకుని ఒప్పుకున్నాడు. ఏడాది ముగిసేసరికి సునంద షెడ్డుకు కొద్దిపాటి లాభం వచ్చింది. ఓబిలేష్ చీరల లాభం కొంత తగ్గింది. తిప్పేస్వామి నూలు అంగడికి నష్టం వచ్చింది. మూడూ కలిపి చూస్తే ఇంటి మొత్తం ఆదాయం కిందటి ఏడాది ఎంతో ఇంచుమించు అంతే. నూలు అంగడి పేరు మార్చాలని ఎవరూ అనలేదు.