జారింది గడ్డి కాదు

పెనాల్టీ తన్నడానికి పరుగెత్తుకొచ్చిన బుల్లెట్ కాలు జారి వెల్లకిలా పడ్డాడు. బంతి గోల్ మీదుగా ఎగిరి, పై వరుసలో కాఫీ తాగుతున్న ఒక పెద్దాయన ఒళ్ళో పడింది.

బుల్లెట్ అన్నది అతనికి సొంత ఊళ్ళో వచ్చిన పేరు. ఆ పేరు విని ఈ పరాయి దేశపు ఫుట్‌బాల్ క్లబ్ అతన్ని స్ట్రైకర్‌గా తెచ్చుకుంది. వయసు ఇరవై మూడు. వచ్చాక తొమ్మిది మ్యాచ్‌లు ఆడాడు, ఒక్క గోల్ లేదు. సీజన్ ముగిసేలోగా కొట్టకపోతే పెట్టె సర్దుకోవడమే.

మ్యాచ్ అయ్యాక ఒక విలేకరి అతని మూతి దగ్గర మైకు పెట్టి, ఏమైందని అడిగాడు.

"గ్రౌండ్ బాగోలేదు. గడ్డి జారుతోంది" అనేశాడు బుల్లెట్. నోరు జారడానికి గడ్డి అక్కర్లేదు.

మర్నాడు పొద్దున స్టేడియానికి వెళ్ళేసరికి, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఒక అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది. ఒక చేతిలో పేపరు, రెండో చేతిలో నేల గుచ్చే ఇనుప ఫోర్కు. దాని నాలుగు కొనలూ అతని వైపే చూస్తున్నాయి.

"ఆర్ యూ ద గ్రాస్ ఎక్స్‌పర్ట్?" అంది.

బుల్లెట్ తల పక్కకు తిప్పుకుని, "పొద్దున్నే ఎవరి మొహం చూశానో!" అని గొణుక్కున్నాడు.

"అద్దంలో మీ మొహమే చూసుకుని ఉంటారు."

తెలుగు! మూణ్ణెల్లుగా అమ్మ ఫోన్‌లో తప్ప వినని తెలుగు. తిట్టయినా సరే, చెవుల్లో తేనె పోసినట్టయింది అతనికి.

"మీరు తెలుగువాళ్ళా?"

"ఆ సంగతి తర్వాత. ముందు ఇటు రండి."

స్టేడియంలో గడ్డి బాధ్యతంతా ఆ అమ్మాయిదే. కాలేజీలో చదివింది కూడా అదే. ఆటగాళ్ళు ఆమెను గడ్డి మేడం అంటారు. ఆమె అతన్ని నిన్న పడ్డ చోటికి తీసుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది.

"ఇదిగో, మీ ఎడమ బూటు గుర్తు. బంతి పక్కన పడాల్సిన కాలు జానెడు వెనకే పడింది. దాంతో ఒళ్ళు వెనక్కి వాలింది. గడ్డి జారలేదు సార్. మీరు జారారు."

అతను గుర్తు చూశాడు. నిజమే. ఒప్పుకోవడానికే మనసు రాలేదు.

"ఏదో ఫ్లోలో అన్నాను. దానికింత గొడవేంటండీ?"

"మీ ఫ్లో దెబ్బకి మేనేజర్ గారు నిన్నే మీటింగ్ పెట్టారు. ఈ గడ్డి పీకేసి ప్లాస్టిక్ గడ్డి పరుస్తారట. శుక్రవారం తేలుస్తారు. ఇక నాకూ, నా కింద పనిచేసే ఇద్దరికీ పనుండదు. మూడేళ్ళు పెంచానండీ దీన్ని."

అంటూనే ఫోర్కును నేలలో కసుక్కున గుచ్చింది. బుల్లెట్ రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"బాగా గడ్డి పెట్టిందన్నమాట" అంది అమ్మ, సంతోషంగా.

"నువ్వెవరి పక్షం అమ్మా?"

"చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి పిల్లి మీదకి నెట్టేవాడివి. మనింట్లో పిల్లే లేదురా! వెళ్ళి నిజం చెప్పు."

శుక్రవారం పొద్దున్నే అతనే విలేకరులను పిలిపించాడు. "గ్రౌండ్ బ్రహ్మాండంగా ఉంది. నేనే కాలు తప్పుగా వేశాను. సిగ్గేసి గడ్డి మీద నెట్టాను" అన్నాడు. విలేకరులు పగలబడి నవ్వారు. మర్నాడు పేపర్లో అతని ఫోటో పక్కన గడ్డి మేస్తున్న ఆవు బొమ్మ వేశారు. ప్లాస్టిక్ గడ్డి ఆలోచన మాత్రం ఆగిపోయింది.

గడ్డి మేడం అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో ఫోర్కు లేదు.

"మేనేజర్ గారి చెవిలో చెబితే సరిపోయేదిగా. అందరి ముందూ పరువు తీసుకోవడం ఎందుకు?"

"అబద్ధం అందరి ముందే చెప్పానుగా."

ఆమె అతని వైపు చూసింది. ఆ చూపు ఉండాల్సిన దానికన్నా ఒక క్షణం ఎక్కువే ఉంది. పెనాల్టీలు తన్నడం రాకపోయినా, ఇలాంటివి పట్టుకోవడంలో బుల్లెట్ దిట్ట.

అప్పట్నుంచి రోజూ అందరికన్నా గంట ముందే వచ్చేవాడు. ఆమె ఒక మూల అతనికి ప్రాక్టీసుకు చోటు చూపించింది.

"ఎడమ కాలు!"

"వేశాగా!"

"నా గడ్డి మీద కసితో వేశారు. బంతి పక్కన వేయండి."

ఊడిన గడ్డిని ఎక్కడికక్కడ అతనే నొక్కి సరిచేయాలని షరతు. మూడు వారాలకు 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. వానొస్తే అందరూ లోపలికి పరుగెత్తేవారు. ఆమె మాత్రం నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూ తిరిగేది. ఏ పనీ లేకపోయినా వెనకాలే అతనూ.

"జలుబు చేస్తుంది, లోపలికి పో."

"నీళ్ళెటు పోతున్నాయో చూస్తున్నా."

"నీళ్ళు కింద ఉన్నాయి. నువ్వు నా మొహం చూస్తున్నావు."

అంతా బాగుందనుకుంటుండగా, ఒకరోజు గోల్‌కీపర్ ఆమె చేతికి పూలగుత్తి ఇస్తూ కనిపించాడు. ఆరున్నర అడుగుల మనిషి, నిచ్చెన అంటారందరూ. ఆమె నవ్వుతూ అందుకుంది. ఆ పూట ప్రాక్టీసులో బుల్లెట్ పన్నెండు బంతులు గురి చూసి నిచ్చెన మీదకే తన్నాడు.

"ఇన్నాళ్ళకు వీడు గోల్ వైపు తన్నాడు!" అని కోచ్ మురిసిపోయాడు.

సంగతి తెలిసి గడ్డి మేడం నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అవి వాళ్ళావిడ కోసం కొన్న పూలు. ఇవాళ ఆవిడ పుట్టినరోజు. వాడిపోకుండా నా గదిలో నీళ్ళలో పెట్టమన్నాడు."

"మరి నువ్వు నవ్వావుగా!"

"పూలు చూసి ఏడవాలా?"

ఆఖరి మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో ఎవరో తన్నిన బంతి బుల్లెట్ వీపుకు తగిలి గోల్‌లోకి దూరింది. అతను వెనక్కి తిరిగి, "ఎవరు కొట్టారు?" అని అడిగాడు. జవాబుగా జట్టంతా అతని మీద పడింది. ఒకటి సున్నాతో గెలిచారు. గంట ముందొచ్చే కుర్రాడు ఎప్పటికైనా పనికొస్తాడని కోచ్ పట్టుబట్టడంతో, క్లబ్ ఇంకో రెండేళ్ళకు సంతకం చేయించుకుంది.

ఆ ఆదివారం ఆమె అతన్ని ఇంటికి తీసుకెళ్ళింది. తల్లి లేదు. తండ్రి టైలర్, ఇరవై ఏళ్ళ క్రితం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కింద షాపు, మీద ఇల్లు. మెడలో టేపుతోనే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆడుకోవడం సరే బాబూ. పనేం చేస్తుంటావు?"

"అదే పనండీ."

"రోజంతానా?"

"మ్యాచ్ అయితే తొంభై నిమిషాలండీ."

"రోజుకా?"

"వారానికండీ."

ఆయన కూతురి వైపు జాలిగా చూశాడు. పరిస్థితి చేయి దాటుతోందని గ్రహించి బుల్లెట్ అమ్మకు వీడియో కాల్ కలిపి, ఫోన్ ఆయన చేతిలో పెట్టి బయటికొచ్చేశాడు. వెనకే ఆమె కూడా వచ్చి మెట్ల మీద కూర్చుంది. బయట సన్నగా చినుకులు.

"ఆటగాళ్ళది కాలు నిలవని బతుకు. రేపు ఇంకో క్లబ్ పిలిస్తే వెళ్ళిపోతావు. నాది వేళ్ళున్న గడ్డితో పని. నీతో ఊళ్ళు తిరగలేను."

"ఇక్కడే రెండేళ్ళకు సంతకం పెట్టానుగా."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "నాకోసం పెద్ద క్లబ్బులు వదులుకున్నావా?"

అవునంటే ఎంత బాగుంటుంది! మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఏ క్లబ్బూ అడగలేదు. సీజన్ మొత్తానికి ఒక్క గోల్, అదీ వీపుతో. ఎవరడుగుతారు? ఒకవేళ ఎవరైనా అడిగినా, నిన్నడగకుండా సంతకం పెట్టను. నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఇది మాత్రం ఏ విలేకరినైనా పిలిచి చెబుతాను."

ఆమె కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"అవునని ఉంటే ఇటునుంచి ఇటే పంపేసేదాన్ని" అని అతని భుజానికి తల ఆనించింది.

లోపల 'ఏమండీ', 'అవునండీ' అంటూ మొదలైన మాటలు మోకాళ్ళ నొప్పుల దాకా వచ్చాయి. అమ్మ గొంతు తలుపు దాటి వినబడింది.

"అలా కాదు అన్నయ్యగారూ, రోజూ వేడినీళ్ళ కాపడం పెట్టి చూడండి."

"అలాగే చెల్లెమ్మా."

మెట్ల మీద ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"అన్నయ్యగారా!" అందామె.

"చెల్లెమ్మా!" అన్నాడతను. "అప్పుడే వరసలు కలిపేశారు! పద, లోపలికెళ్దాం. ఇంకాసేపు వదిలేస్తే పిల్లల పేర్లు కూడా పెట్టేస్తారు."

లేవబోతున్న అతని చొక్కా పట్టుకుని ఆమె మళ్ళీ కూర్చోబెట్టింది.

"పెట్టనీ" అంది.