వరహాలమ్మ తాళాలగుత్తి

“దాని సేతి కూడు నాను తిన్ను. కన్నకూతురు కొట్టుకుంతంటే గుడ్లప్పగించి సూసింది. రాయిరా నీ పెళ్ళాం, రాయి.”

పోర్టులో డ్యూటీ దిగి వచ్చిన ఎల్లాజీ ఇంకా చెప్పులైనా విప్పలేదు, తల్లి వరహాలమ్మ అందుకుంది. వంటింట్లో అతని భార్య గౌరీశ్వరి కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ నిలబడిపోయింది. అత్తగారికి వడ్డించిన కంచం అలాగే చల్లారిపోతోంది.

వాళ్ళ ఏడేళ్ళ నూకాలుకి పసితనం నుంచీ ఫిట్స్. ఎన్ని మందులు మింగించినా లొంగలేదు. పిల్ల కళ్ళు తేలేస్తే చాలు, వరహాలమ్మ బొడ్డులోంచి తాళాలగుత్తి లాగి దాని గుప్పిట్లో పెట్టేది. చేతిలో ఇనుము పడితే తగ్గుతుందని ఆవిడ నమ్మకం. బీరువా, బియ్యం పెట్టె, ట్రంకుపెట్టె... ఇంటి పెత్తనమంతా ఆ గుత్తిలోనే ఉంది. కోడలి చేతికి ఏనాడూ ఇవ్వని గుత్తి అది! మనవరాలికి ఏ క్షణాన కావలసి వస్తుందోనని నిద్రలో కూడా ఒంటిమీంచి తీసేది కాదు.

చివరికి పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఆపరేషన్ మాట ఎత్తింది.

“చేస్తే తగ్గుతుందో లేదో ముందు తెలియాలమ్మా. మెదడులో పుట్టే తరంగాల్ని కాగితం మీద గీసే మిషను ఉంది. ఫిట్స్ వచ్చేటప్పుడే అది గీయాలి. ఒక్కచోటే మొదలైతే ఆశ పెట్టుకోవచ్చు. నాలుగు చోట్ల మొదలైతే ఆపరేషన్ చేసినా దండగే. ఆ కాసేపూ పిల్లని ఎవరూ ముట్టుకోకూడదు. పక్కన నర్సు ఉంటుంది.”

ఆ మాట గౌరీశ్వరి మనసులో గట్టిగా పెట్టుకుంది. ఆ రోజు పొద్దున ఆసుపత్రిలో, తలనిండా తీగలతో పడుకున్న నూకాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. మిషను పెన్నులు గరగరా పరిగెత్తాయి. వరహాలమ్మ గుత్తి లాగి మంచం మీదికి దూకబోయింది. గౌరీశ్వరి ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపేసింది. “వదిలెయ్యే, పిల్ల సచ్చిపోతాది” అని అత్తగారు పెనుగులాడినా వదల్లేదు. తనూ కదల్లేదు. అయ్యో, ఆ తల్లి ఆ కాసేపు ఎలా నిలబడిందో ఆ దేవుడికే తెలియాలి! ఇంట్లో రభసంతా దాని గురించే.

మర్నాడు ఎల్లాజీ తల్లిని కూడా ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్ళాడు. డాక్టరమ్మ కాగితాలు బల్లమీద పరిచింది.

“ఇదిగో మామ్మగారూ, ఇక్కడే, ఈ ఒక్కచోటే మొదలైంది. ఎవరైనా పిల్లని పట్టుకుని కదిపి ఉంటే ఈ గీతలన్నీ చెదిరిపోయేవి. పూచీ ఇవ్వలేను గానీ, మద్రాసు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయిస్తే తగ్గుతుందనే నా నమ్మకం.”

వరహాలమ్మకి ఆ గీతలు ఏం తెలుస్తాయి! ఆవిడ తన మణికట్టు చూసుకుంది. కోడలి గోళ్ళు దిగిన చోట ఇంకా కమిలే ఉంది. ఆ చెయ్యి తనని పట్టుకున్నంతసేపూ ఎంతలా వణికిందో అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికి రాగానే పీట వాల్చుకుని కూర్చుంది.

“కూడెట్టే గౌరీ. ఆకలేత్తంది.”

వడ్డిస్తూ వడ్డిస్తూ గౌరీశ్వరి భోరుమంది.

“నాకు మాత్రం దాన్ని పట్టుకోవాలని లేదా అత్తా...”

“నాకు తెల్దేటే. నానే రాయినైపోనాను. ఊరుకో, పులుసులో ఉప్పెక్కువైపోద్ది.”

మద్రాసులో ఆపరేషన్ అయింది. ఏడాది తిరిగిపోయినా ఫిట్స్ మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. గుండు మీద జుట్టు పెరిగి నూకాలుకి రెండు పిలకలు కూడా వచ్చాయి.

ఒక సాయంత్రం క్వార్టర్స్ ముందు తొక్కుడుబిళ్ళ ఆడుతూ నూకాలు దబ్బున పడింది. గడపలో కూర్చున్న వరహాలమ్మ చెయ్యి గబుక్కున బొడ్డు దగ్గరికి పోయింది. పిల్ల మోకాలు దులుపుకుని, నవ్వుకుంటూ లేచి మళ్ళీ గంతేసింది. వరహాలమ్మ కాసేపు అలాగే చూసింది. తరవాత గుత్తి తీసి, పక్కన బియ్యం ఏరుతున్న కోడలి అరచేతిలో పెట్టింది.

“ఇంక ఇయి పెట్టెలు తియ్యడానికేనే. నువ్వే ఉంచుకో.”

గౌరీశ్వరి గుప్పిట మూసింది. ఆ గుత్తి ఇంకా అత్తగారి ఒంటి వేడితో వెచ్చగానే ఉంది.