మూడో పళ్ళెం

ఎనిమిదో తరగతి మూడుసార్లు చదివినవాణ్ణి నేను. అంత క్షుణ్ణంగా చదివినవాడు మా వీధిలో మరొకడు లేడు. బడి బస్సు నడపడం నా ఉద్యోగం, పుట్టగొడుగుల పాండిత్యం నా పిచ్చి. వాన వెలిస్తే చాలు, బుట్ట పట్టుకుని అడవి దారి పట్టేవాణ్ణి.

"ప్రొఫెసరుగారు బయల్దేరారు. ఇవాళ ఎవరికి మూడిందో!" అనేది మా ఆవిడ, కుట్టుమిషను మీంచి తలెత్తకుండా. మా ముందుగదే ఆవిడ బట్టలు కుట్టే దుకాణం.

పుట్టగొడుగులు ఏరేవాళ్ళకి ఒక నియమం ఉంది. తెచ్చినవాడు ముందు తినాలి. తెల్లారేదాకా ఆగి చూడాలి. బతికి ఉంటే ఇంటిల్లిపాదికీ వడ్డించాలి. మెదడులా ముడతలు పడ్డ ఎర్రరకం ఒకటి దొరికేది. దాన్ని రెండుసార్లు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, ముందు నేను తినేవాణ్ణి. పొద్దున్నే మీసం మెలేస్తూ లేచేవాణ్ణి. మధ్యాహ్నానికి మూడు పళ్ళేలు. నాకొకటి, ఆవిడకొకటి, మా అమ్మాయికొకటి. అలా పదకొండేళ్ళు నా చేత్తోనే వడ్డించాను.

ఆ నియమం పెట్టినవాడికి తెల్లారేలోగా చంపే విషమే తెలుసు. తీరిగ్గా ఇరవయ్యేళ్ళు తీసుకునే విషం సంగతి తెలియదు.

మొదట ఆవిడ సూదిలో దారం ఎక్కించలేకపోయింది. "కళ్ళజోడు మార్చాలి" అన్నాను, వైద్యమూ వచ్చినవాడిలా. తర్వాత చెయ్యి పడిపోయింది. ఆ తర్వాత మాట. ఆ తర్వాత నేనెవరో మరిచిపోయింది. చివరి ఏడాది మింగలేక, గొట్టంలోంచే పాలు.

నరాల డాక్టరమ్మ నా బుట్ట కథంతా విని కలం కింద పెట్టింది. "కొన్ని రకాల్లో ఉండే విషం నరాల్ని మెల్లిగా పాడుచేస్తుందని అనుమానం. రుజువు కాలేదు. మీ వల్లే అని నేను చెప్పలేను."

కాదని కూడా చెప్పలేదు.

ఆవిడ పోయిన నాలుగో నెలలో డాక్టరమ్మ ఒక ఫారం పంపింది. ఇలాంటి ఇళ్ళ వివరాలన్నీ సేకరిస్తున్నారట. మధ్యాహ్నం, వాన. ఆవిడ కుట్టుమిషను బల్ల మీదే పెట్టుకుని రాయడానికి కూర్చున్నాను. గదిలో ఇంకా మిషను నూనె వాసన, కొత్తబట్టల గంజి వాసన. నాలుగు ప్రశ్నలు సాఫీగా సాగాయి. ఐదోది: ఇంట్లో ఎవరెవరు తిన్నారు?

నేను. నా భార్య.

అక్కడ కలం ఆగింది. మా అమ్మాయి ఐదో నెల కడుపుతో ఉంది. వాళ్ళమ్మ జబ్బుకీ నా బుట్టకీ ముడి ఉందేమో అన్న సంగతి దానికి చెప్పనేలేదు. ఆ మూడో మాట రాస్తే, నా బిడ్డకి నేనే చావుచీటీ రాసిచ్చినట్టు. రాయకపోతే అబద్ధం.

వాసన మారింది.

తడిమట్టి... ఉడుకుతున్న పుట్టగొడుగుల ఆవిరి. పొయ్యి వెలిగించనే లేదు. బల్ల కింద కిర్రుమంది. మిషను తొక్కేపలక ఊగుతోంది. నా కాలు దాని మీద లేదు. ముందుకి... వెనక్కి... ముందుకి...

నా ధైర్యం ఎలాంటిదంటే, ఒళ్ళో బల్లి పడిందని పిల్లలందర్నీ వదిలేసి బస్సులోంచి దూకినవాణ్ణి. ఇప్పుడూ దూకుదామనుకున్నాను. బల్ల అంచు పట్టుకుని అక్కడే ఉండిపోయాను.

చెవి పక్కన ఊపిరి. చల్లగా.

"ఏమండీ..."

రెండేళ్ళుగా వినని గొంతు.

"పిల్ల తినలేదు."

"ఏమిటే?"

"దానికి ఆ వాసనే పడదు. మీరు చిన్నబుచ్చుకుంటారని... దాని పళ్ళెంలోవి నేనే తినేసేదాన్ని."

పలక ఆగింది. తిరిగి చూశాను. ఎవరూ లేరు.

అసలు భయం అప్పుడు పట్టుకుంది. ఈ జబ్బు మొదలైనవాళ్ళలో కొందరికి లేని మాటలు వినపడతాయని డాక్టరమ్మ చెప్పింది. వచ్చింది ఆవిడే అయితే నా బిడ్డ గట్టెక్కినట్టే. నా బుర్రే పుచ్చుతూ ఉంటే, ఆ మాట చిత్తుకాగితం. వచ్చింది దెయ్యమే కావాలని దేవుడికి మొక్కుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

అమ్మాయికి ఫోన్ చేశాను.

"అమ్మలూ, చిన్నప్పుడు నేను తెచ్చిన పుట్టగొడుగులు... నువ్వు తిన్నావా?"

నవ్వింది.

"అమ్మ చెప్పేసిందా! నాచేత ఒట్టు వేయించుకుని మరీ! ఒక్క ముక్కా తినలేదు నాన్నా. నువ్వు అటు తిరగ్గానే అమ్మ లాక్కుని గబగబా మింగేసేది. 'మీ నాన్న మొహం చూడవే, అడవిని గెలిచొచ్చాడు. వద్దంటే నాలుగు రోజులు అన్నం మానేస్తాడు' అనేది."

నా బిడ్డ తినలేదు.

పదకొండేళ్ళు రెండు పళ్ళేలు తింది మా ఆవిడ. నా మొహం వాడిపోకుండా ఉండటానికి.

"నాన్నా, ఏడుస్తున్నావా?"

"లేదు తల్లీ. జలుబు."

"సరే గానీ, ఆ నోట్లోది మింగేసి మాట్లాడు. ఒకటే నమలడం, చెవిలో."

నా నోట్లో ఏమీ లేదు. ఫోన్ చెవి నుంచి తీశాను. గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ చెవికి ఆనించాను. అప్పుడు నాకూ వినపడింది. మెత్తగా... తడిగా... తొందర లేకుండా...

నా గదిలోంచి కాదు. అటువైపు నుంచి.

"అమ్మలూ... నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు నాన్నా. ఒక్కదాన్నే ఉన్నా."

నమలడం ఆగింది.

ఎవరో మింగారు.