అండమాను ప్రయాణానికి ప్రార్థన కూడిక

తిరువూరులో ఎండ కోడికన్నా ముందు లేస్తుంది. డెబ్బైనాలుగు ఏప్రిల్లో ఆ శనివారం కూడా అది వసారాలోకి వచ్చి కూర్చునేసరికి, ప్రేమకుమారి రెండు వాయిల చెక్కలు తీసి మూడో వాయి నూనెలో వదిలింది. ఓడలో భోజనం అమ్ముతారట. కానీ అక్కడ కొనుక్కు తింటే ఇంటికొచ్చాక పస్తులుండాలి. అందుకని మద్రాసు రేవు నుంచి పోర్టుబ్లెయిరు దాకా ముగ్గురి పొట్టలకీ సరిపడా చెక్కలు, జంతికలు, వేయించిన అటుకులు డాల్డా డబ్బాల్లోకి ఎక్కిస్తోంది.

"అసలీ ఓడ ఎక్కడం అవసరమంటావా? పేరులోనే ఓటమి ఉంది. ఓడ ఎక్కినవాడు ఓడక ఏం చేస్తాడు?" అన్నాడు సుందరరాజు, వేడి చెక్క ఊదుకుంటూ.

"ముందు ఆ చెక్క అక్కడ పెట్టండి. అది సముద్రం మీద తినాల్సింది."

"అండమాను అండమాను అంటూ చివరికి నా అండ మానేసేట్టున్నావే!"

సుందరరాజు పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా. బల్లమీద ఫైలు కదలకపోయినా నోట్లో నాలుక కదులుతూనే ఉంటుంది. ఊళ్లో అందరూ ఆయన మాటలకి పడిపడి నవ్వుతారు. ఇంట్లో నవ్వేవాళ్లు తగ్గి చాలా కాలమైంది. రోజూ పెట్టే కూర ఎంత రుచైనా ఎవరు మెచ్చుకుంటారు?

ప్రేమకుమారి ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఆమె ఒక్కగానొక్క తమ్ముడు శాంతయ్య పోర్టుబ్లెయిర్లో రంపపు మిల్లులో పనికి కుదిరి, అక్కడే పెళ్లి చేసుకుని, అక్కడే ఇల్లు కట్టాడు. తమ్ముణ్ని చూసి ఎనిమిదేళ్లయింది. ఈ వేసవి సెలవుల్లో వెళ్లి తీరాలని ఆమె రెండేళ్లుగా చీటీ కడుతోంది. బెజవాడ దాకా బస్సు, అక్కణ్నుంచి మద్రాసుకి పాసింజరు రైలు, మద్రాసులో తెలిసినవాళ్లింట్లో మకాం, అవతల తమ్ముడిల్లు. ఎక్కడా లాడ్జి లేదు, హోటలు లేదు. ఒక్క ఓడ దగ్గరే ఆమె చెయ్యి కాస్త ధారాళమైంది. కింద బంక్ క్లాసు వద్దు, కేబిను కావాలంది. ఎనిమిదేళ్ల తర్వాత మరదలి ముందు మూటల మధ్య నలిగిపోయి దిగడం ఆమెకి ఇష్టం లేదు.

"బంక్ క్లాసంటే బంకలా ఒకళ్లకొకళ్లు అతుక్కుని పడుకోవడమట. కేబినే మంచిదిలే" అని సుందరరాజు కూడా ఒప్పుకున్నాడు. చీటీ డబ్బు మూడు కేబిను టికెట్లకి బొటాబొటీగా సరిపోతుంది. ఆయనకి, ఆమెకి, పదకొండేళ్ల కూతురు ప్రమీలారాణికి.

అత్తగారు సామ్రాజ్యం సంగతి? మేకనీ ఇంటినీ చూసుకుంటూ ఇక్కడే ఉంటుంది. ఒక్కతే ఉండలేనంటే ఎ.కొండూరులో మేనకోడలు జ్ఞానమణి ఉంది. అదీ లెక్క.

ఈ లెక్క ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్క సామ్రాజ్యానికి తప్ప.

అసలు చిక్కు పోయిన ఆదివారం చర్చిలో పడింది. పాస్టరుగారు ప్రార్థన మనవులు అడగ్గానే సుందరరాజు లేచాడు. "మా కుటుంబం సముద్ర ప్రయాణం క్షేమంగా జరగాలని ప్రార్థించండి. పేతురు నీళ్లమీద నడిచాడు, మేం టికెట్టు కొనుక్కుని పోతున్నాం!" అన్నాడు. సంఘమంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులోనే పాస్టరుగారు "సుందరరాజు కుటుంబాన్నంతటినీ" దేవుడి చేతికి అప్పగించి, శనివారం సాయంత్రం వాళ్లింట్లో ప్రయాణ ప్రార్థన కూడిక అని ప్రకటించేశారు. దూరాలు వెళ్లేవాళ్లకి ఆ సంఘం చేసే మర్యాద అది. అందరూ వచ్చి కూర్చుంటారు. ఒక్కొక్కరూ పైకి ప్రార్థన చేస్తారు, మిగతావాళ్లు ఆమేన్ అంటారు. ఆమేన్ అంటే ఆ ప్రార్థన కింద సంతకం పెట్టినట్టే.

ఆరోజు చర్చి మెట్ల మీద పదిమంది ఆడవాళ్లు సామ్రాజ్యాన్ని చుట్టుముట్టడం ప్రేమకుమారి చూసింది. ముసలామె తలొంచుకుని నవ్వుతూ ఉంది. ఏం మాట్లాడుకుంటున్నారో ప్రేమకుమారి పట్టించుకోలేదు.

పన్నెండు దాటాక చెక్కల పని ముగించి, కుడితి బకెట్టుతో పెరట్లోకి వెళ్లింది ప్రేమకుమారి. మేక గుంజకి తాడు లేదు, మేకా లేదు.

"అత్తయ్యా! మేకేది?"

సామ్రాజ్యం నీడలో కూర్చుని పాత దుప్పటి గుడ్డతో చేతిసంచి కుడుతోంది. సూదిలో దారం ఎక్కించడానికి కళ్లు చికిలించి, "పొద్దున్నే వినగడప తోలిచ్చానమ్మాయ్. ఆ ఊళ్లో మన అంతోనయ్య మేపుతానన్నాడు" అంది.

"ఎవర్నడిగి తోలించారు? పాలిచ్చే మేక! ఎండలు ముదిరితే పాలెక్కడ దొరుకుతాయి మీకు? నేను ఊరెళ్తున్నానని తెలిసి కావాలనే చేస్తున్నారా? మా తమ్ముడింటికి పోతున్నప్పుడే మీకు ఇవన్నీ గుర్తొస్తాయా?"

మాట జారింది. వెనక్కి తీసుకుందామనుకుంది గానీ, అప్పటికే ముసలామె దారం వదిలేసి కోడలి మొహంలోకి చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. అర్థం కాకపోవడమే ఉంది.

"అందరం పోతే దానికి మేతెవరేస్తారమ్మాయ్? గుంజకి కట్టేసి పోతామా నోరులేని జీవాన్ని?"

"అందరం ఏంటి? మేం ముగ్గురమే కదా అత్తయ్యా. మీరు జ్ఞానమణి వదిన దగ్గర..." ప్రేమకుమారి ఆగిపోయింది.

సామ్రాజ్యం చేతిలో సంచి వైపు చూసుకుంది. కుట్టింది ఎక్కడిదాకా వచ్చిందో వేలితో తడిమింది.

"అట్టనా" అంది.

అంతే. సూదిని సంచికే గుచ్చి, మడిచి, చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. తిట్టుంటే బాగుండేదనిపించింది ప్రేమకుమారికి. ఏడ్చినా బాగుండేది. ఆ "అట్టనా" మాత్రం చేపముల్లులా గొంతులో దిగబడిపోయింది.

సుందరరాజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"మీ అమ్మకి మీరు చెప్పలేదా?"

"ఏమని?"

"తను రావట్లేదని!"

"నువ్వు చెప్పావనుకున్నా."

"మీ అమ్మండీ ఆవిడ! నేను చెప్తే కోడలు వద్దందంటారని మీరు చెప్తారనుకున్నా."

"నేను చెప్తే కొడుకు వద్దన్నాడనుకుంటుందని నువ్వు..." సుందరరాజు చొక్కా గుండీ విప్పుతూ ఆగాడు. తర్వాత అలవాటు ప్రకారం నోరు దానంతట అదే జారిపోయింది. "సరేలే. సముద్రంలో అల, ఇంట్లో అలక. రెండూ వస్తాయి, పోతాయి."

"నవ్వు రావట్లేదు నాకు!" ప్రేమకుమారి గొంతు పక్కింటికి వినిపించింది. "ఆవిడ మేకని తోలేసుకుంది. సంచి కుట్టుకుంటోంది. చర్చి మెట్ల మీద అందరూ అదృష్టవంతురాలివి అనే ఉంటారు, అందుకే తలొంచుకుని నవ్వింది. ఆరు రోజుల్నించి ఆవిడ మనసులో ఓడెక్కి కూర్చుందండీ! మనకి ఇప్పుడు తెలిసింది."

"అయితే ఏం చెయ్యమంటావు? ఇంకో కేబిను టికెట్టు నేను ఆఫీసు ఫైల్లోంచి చింపుకు రానా?"

"నేనా మాట అన్నానా?"

"నీ తమ్ముణ్ని చూడాలన్నావు. సరేనన్నా. కేబిను కావాలన్నావు. సరేనన్నా. ఇప్పుడు మా అమ్మ గురించి నాకు పాఠం చెప్తున్నావా, టీచరమ్మా?"

ఆ మాటలో మాత్రం చమత్కారం లేదు. ప్రేమకుమారి ఏదో అనబోయింది. అంతలో వీధిలోంచి "వందనాలమ్మా!" అని పాస్టరమ్మ గొంతు. వెనక పదిహేను ఇరవై మంది. చాపలు పరవాలి, టీ నీళ్లు పెట్టాలి. భార్యాభర్తలిద్దరూ మొహాలు సర్దుకుని ఎదురెళ్లారు.

వచ్చిన ప్రతి మనిషీ నేరుగా సామ్రాజ్యం దగ్గరికే వెళ్లింది. ఆమె తెల్లచీర కట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. "సామ్రాజ్యమ్మా, గంపలగూడెం చేలల్లో నాతో నాట్లేసిన దానివి, సముద్రం మీద పోతున్నావే!" అంటూ ఒకామె కొంగులోంచి నాలుగు నిమ్మకాయలు తీసి ఆమె ఒళ్లో పోసింది. "ఓడ ఊగితే కళ్లు తిరుగుతాయంట వదినా. వాసన చూస్తా కూర్చో."

సామ్రాజ్యం ఆ నిమ్మకాయల్ని ఒక్కటొక్కటిగా కొంగులో కట్టుకుంది. కాదనలేదు. ప్రమీలారాణి అయోమయంగా తల్లి వైపు చూసింది. ప్రేమకుమారి ఆ చూపు తప్పించుకుని టీ గ్లాసులు అందిస్తూ పోయింది.

పాట అయింది, వాక్యం అయింది. ప్రార్థనలు మొదలయ్యాయి. పాస్టరుగారు ఓడని, ఓడ నడిపేవాళ్లని, గాలిని, నీటిని దేవుడికి అప్పగించారు. ఆమేన్. పాస్టరమ్మ శాంతయ్య కుటుంబం కోసం చేసింది. ఆమేన్. తర్వాత పాస్టరుగారు కళ్లు మూసుకునే, "ప్రయాణమైపోతున్న మన పెద్దావిడ సామ్రాజ్యమ్మ గారు ప్రార్థన చేస్తారు" అన్నారు.

ప్రేమకుమారి కళ్లు మూసుకోలేకపోయింది.

అత్తగారి ప్రార్థన ఆమెకి పన్నెండేళ్లుగా తెలుసు. ఒక్క పొల్లు మాట ఉండదు. సంతలో బేరం దగ్గర అబద్ధమాడుతుందేమో గానీ, మోకాళ్ల మీద ఎప్పుడూ ఆడదు. ఇప్పుడు చెప్పేస్తుంది. పదిమందిలో చెప్పేస్తుంది. కొడుకూ కోడలూ కలిసి నన్ను దించేశారు ప్రభువా అంటుంది. అననీ. అనాలి కూడా.

"పరలోకమందున్న తండ్రీ," అని మొదలుపెట్టింది సామ్రాజ్యం. "నా బిడ్డలు ముగ్గురూ నీళ్లమీద పోతన్నారు. నీ చేతుల్లో తీసకపో. నా కోడలు తమ్ముణ్ని చూడక ఎనిమిదేళ్లాయె. దాని కడుపు చల్లగా చెయ్యి. నేను... నాకు మోకాళ్ల నొప్పులు ప్రభువా. పిల్లలు రమ్మని ఎంతో బతిమాలారు. నేనే రానన్నా. నా కొడుకునీ కోడల్నీ ఎవరూ ఏమీ అనకుండా కాయి తండ్రీ. ఏసు నామమున, ఆమేన్."

"ఆమేన్" అంది ఇల్లంతా.

ప్రేమకుమారి అనలేదు. కొడుక్కీ తనకీ మాట రాకూడదని, మోకాళ్ల మీద కూర్చుని, బతుకంతా నమ్ముకున్న దేవుడితో ఆ ముసలామె అబద్ధమాడింది. ఆ అబద్ధం కింద తనూ సంతకం పెట్టాలా?

"నేను ఆమేన్ అనను!"

అందరి కళ్లూ తెరుచుకున్నాయి. పాస్టరుగారు బైబిలు మూయబోతూ ఆగారు.

"అది నిజం కాదు పాస్టరుగారూ. మేం రమ్మనలేదు. ఒక్కసారి కూడా రమ్మనలేదు. ఎవరెవరు వెళ్లాలి, ఏం తినాలి, ఎక్కడ పడుకోవాలి అన్నీ ఆలోచించాం. ఈమెని మాత్రం వస్తావా అని అడగలేదు. మేకని చూసుకుంటుందిలే అనుకున్నాం." ఆమె దుఃఖం ఇక ఆగలేదు. చాపల మధ్యలోంచి వెళ్లి అత్తగారి ముందు కూలబడింది. "దేవుడి ముందు మా కోసం అబద్ధమెందుకాడావు అత్తయ్యా? నీకేం పెట్టామని?"

ఎప్పుడూ 'మీరు' అనే కోడలు 'నువ్వు' అంది. అన్న సంగతి ఆమెకే తెలియలేదు.

"ఊరుకో అమ్మాయ్. పదిమందిలో... ఊరుకో." సామ్రాజ్యం కోడలి తలమీద చెయ్యేసింది. "నీ తమ్ముడి దగ్గరికి తలెత్తుకుని పోవద్దా? నాకెందుకులే ఈ వయసులో."

సుందరరాజు లేచి నిలబడ్డాడు. సంఘంలో సగం మంది ఏదో చమత్కారం వస్తుందని అలవాటు కొద్దీ ఎదురుచూశారు. ఏమీ రాలేదు. తల్లి పక్కన నేలమీద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"టికెట్లు ఇంకా తియ్యలేదమ్మా," అన్నాడు.

"కేబిను వద్దండీ," అంది ప్రేమకుమారి కొంగుతో మొహం తుడుచుకుని. "సోమవారం మద్రాసు వాళ్లకి టికెట్ల డబ్బు పంపేటప్పుడు బంక్ క్లాసు నాలుగు అని రాయండి. మా మరదలు ఏమన్నా అనుకోనీ. నలిగిపోతే నలుగురం నలిగిపోతాం."

"ముసలాళ్లని ఎక్కనిస్తారంటావా?" అంది సామ్రాజ్యం, ఎవర్నీ చూడకుండా.

"ఎక్కనివ్వకపోతే ఎవరమూ ఎక్కం."

ఇంట్లో కొందరు కళ్లు తుడుచుకున్నారు, కొందరు ముక్కులు. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "సామ్రాజ్యమ్మ గారూ, ఇందాకటిది లెక్కలోకి రాదు. మళ్లీ చెయ్యండమ్మా. ఈసారి మీ కోసం అడగండి" అన్నారు.

ఆమె కంగారుపడింది. అరవై రెండేళ్ల బతుకులో ఊరి కోసం, వానల కోసం, కొడుకు ఉద్యోగం కోసం, మనవరాలి జ్వరం కోసం అడిగిన మనిషి. తన కోసం అడగడానికి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక చేత్తో కొడుకునీ ఇంకో చేత్తో కోడల్నీ పట్టుకుని కళ్లు మూసుకుంది.

"తండ్రీ, ఇందాక అబద్ధమాడా. క్షమించు. నీకు తెలుసు నా మోకాళ్లకేమీ కాలేదని." అక్కడ ఎవరో నవ్వు ఆపుకున్నారు. "చిన్నప్పటి నుంచి నీ వాక్యం వింటన్నా. సముద్రం రెండు పాయలైంది అన్నారు, ఆమేన్ అన్నా. తుపానుని ఊరుకోమంటే ఊరుకుంది అన్నారు, ఆమేన్ అన్నా. సముద్రమంటే ఎట్టా ఉంటదో నాకు తెలవదు ప్రభువా. చూడకుండానే అన్నిటికీ ఆమేన్ అన్నా. ఒక్కసారి చూపీయి."

ఇంకేం అడగాలో తోచక ఆగిపోయింది.

అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా, ప్రేమకుమారి అంది. "ఆమేన్."