సంపెంగ మసి

గుండ్లకమ్మ నది కొండను కౌగిలించుకున్నట్టు వంక తిరిగే చోట, ఏదుపంది ముళ్ళు విదిల్చి కూర్చున్నట్టుగా బురుజుల మీద ఈటెలు నిలబెట్టుకొని, ఏదులగిరి దుర్గం ఆ వేసవి అంతా పొగలో మునిగి ఉంది. కింద మైదానంలో పొరుగు మండలేశ్వరుడైన బొప్పరాజు గుడారాలు, వాన వెలిసిన మర్నాటి పుట్టగొడుగుల మాదిరి, నది ఒడ్డు దాకా పరుచుకున్నాయి. దిగువకోటలో సేనాపతి గుండమనాయకుని పాళెం, పైకోటలో రాజనగరు. ఆ రెంటికీ నడుమ ఎండకు కాలే రాతిమెట్లు. యుద్ధవర్ణన అనగానే, పొయ్యిలో నిప్పురవ్వ చిటపటలాడితే గుమ్మం దాటే ఈ కథకుడు సైతం గొంతు సవరించుకుంటాడు. కానీ ఆ ముట్టడిలో అన్నిటికన్నా లోతైన గాయం చేసినది కత్తి కాదు, ఒక తాటాకు కమ్మ మీద రాచిన చారెడు మసి.

రాచినవాడు సాక్షాత్తూ ఏదులగిరి ప్రభువు, ఓబళరాజు. తండ్రి పోయేనాటికి మీసం రాలేదు. ఇప్పుడు వచ్చింది గనక దాన్ని దువ్వడం ఒక రాచకార్యంగా సాగుతోంది. కోటలో ఆముదం అడుగంటి, అంతఃపురంలో కూడా దీపాలు పొద్దుగూకగానే ఆర్పేయమని అతనే ఆజ్ఞ ఇచ్చాడు. తన జుట్టుకు రాసుకునే సంపెంగనూనె కూజా మీదికి మాత్రం ఆ ఆజ్ఞ వెళ్ళలేదు. ముట్టడిలో ఉన్నంత మాత్రాన రాజు తల రాజు తల కాకుండా పోతుందా అని అతని వాదం.

ఒకనాటి ఉదయం మంత్రి నామయ ప్రగ్గడ ఏకాంతం కోరి వచ్చాడు. తండ్రి పోయిన నాటి నుంచీ ఓబళరాజుకు రాజనీతి నేర్పినవాడు, చేయి పట్టి గద్దె ఎక్కించినవాడు. తెచ్చిన తమలపాకుల కట్ట విప్పి, ఆకుల నడుమ నుంచి ఒక తాటాకు కమ్మ తీసి రాజు ముందు పెట్టాడు. చూడటానికి ఉత్త కమ్మ. వెలుగుకు వాల్చి పట్టుకుంటే మాత్రం దాని మీద గంటంతో లోతుగా గీసిన అక్షరాలు.

"దేవరా, ఇది రాజమాత మైలమాంబగారి దాసి అంకి, సేనాపతికని దిగువకోటకు మోసుకుపోతున్న తాంబూలంలో దొరికింది. రాసిన కమ్మకు మసి పూసి పంపడం ఈ లోకపు ఆచారం. మసి పూయని కమ్మ ఎవరి కంటా పడరాదని కోరుకునే కమ్మ. లోపల ఏముందో చదివే సాహసం నేను చేయలేదు. రాజమాత చేతిరాత దేవరకే తెలుస్తుంది."

చదవలేదన్నది అబద్ధమో నిజమో గాని, చదవాల్సినంత భారం రాజు మీద పెట్టేశాడు. మసి పూయడానికి ఓబళరాజు రాయసగాణ్ణి పిలవలేదు. పిలిస్తే సాయంత్రానికి కోట కోటంతా చదివినట్టే. దీపపు సెమ్మె మీది మసి తానే గోకాడు. కలపడానికి ఆముదం లేదు. సంపెంగనూనె ఉంది. పుట్టి బుద్ధెరిగి కమ్మకు మసి పూసిన పాపాన పోలేదు గనక, పలచగా రాచి గుడ్డతో తుడవాల్సినదాన్ని ఆవపిండి ముద్దలా కలిపి, కమ్మకు రెండు వైపులా దట్టంగా పట్టించాడు. చేతులూ, అంగవస్త్రమూ, చివరికి ఆ దువ్విన మీసమూ నల్లబడ్డాయి. అక్షరాలు మాత్రం లేచి నిలబడ్డాయి.

"నాయకులవారికి మైలమ తన చేతితో రాసుకున్నది. మోకాళ్ళకు వావిలాకు కాపడం పెట్టించుకున్నారో లేదో అంకి చెప్పదు. మీరు చెప్పనివ్వలేదని తెలుసు. మొన్న మీరు బురుజు మీద దగ్గితే పైకోటలో నాకు మెలకువ వచ్చింది. చుట్టూ ఇన్ని నగారాలు మోగుతుంటే రాని మెలకువ. ఈ వయసులో ఒకరి దగ్గు కోసం చెవి ఒగ్గి పడుకోవడం నాకే నవ్వులాట. యాభై దాటితే సిగ్గు పోతుందంటారు, నాకు అప్పుడే వచ్చింది. శ్రీశైలం వెళ్ళిపోదామన్న మీ మాట రోజూ తలుచుకుంటున్నాను."

మొదటి వైపు అక్కడితో అయిపోయింది.

ఓబళరాజు చెవులు కాలాయి. తెల్లచీర కట్టి, రుద్రాక్షలు తిప్పుతూ, తన ఎదుట తల ఎత్తి మాట్లాడని తల్లి. విల్లు పట్టడం నేర్పుతూ తన మోచేతి మీద బెత్తంతో కొట్టిన నాయకుడు. పై గోడ మీద తండ్రి చిత్తరువు ఉంది. దాని వైపు చూడలేక కమ్మ కింద పడేశాడు. రెండో వైపు తిప్పే ఓపిక కోపం అతనికి మిగల్చలేదు.

ప్రగ్గడ కమ్మను తీసి, తానూ తిప్పి చూడకుండానే దులిపి, మెల్లగా చెప్పాడు. సభలో విచారణ పెడితే రాజమాత పేరు బజారున పడుతుంది. కమ్మను మళ్ళీ తాంబూలంలోనే పెట్టి పంపేద్దాం, అంకి నోరు నేను మూయిస్తాను, మసి రాజమాతే పూశారనుకుంటాడు, అనుమానం రాదు. బొప్పరాజు సేన సాయంకాలం వంటలు చేసుకునే వేళ, తూర్పు గోడలోని చిన్న దిడ్డివాకిలి గుండా సేనాపతిని పంపి శత్రువుల ధాన్యపు పాకలు తగలబెట్టమనండి. నమ్మకస్తుడైతే గెలిచి వస్తాడు. శ్రీశైలం దాకా పోదామనుకునేవాడైతే అక్కడి నుంచి అటే పోతాడు.

ఓబళరాజుకు ఆ మాట న్యాయంగా తోచింది. కోపంలో ఉన్నవాడికి తన కోపాన్ని పోలిన ప్రతిదీ న్యాయంగానే తోస్తుంది.

మధ్యాహ్నం గుండమనాయకుడు పైకోటకు వచ్చాడు. ద్వారం దగ్గర గోడ మీద చేయి ఆనించి, ఆ చేయి తీయకుండా నడిచాడు. రాజు ముఖం వైపు సూటిగా చూడలేదు. చూపు ఎటో భుజం పక్కకు నిలిపాడు. అది పొగరని ఓబళరాజు అనుకున్నాడు. నాయకుని నడుముపట్టీలో తాటాకు కమ్మ అంచు కనిపిస్తోంది.

రాజు ఆజ్ఞ చెప్పాడు. నాయకుడు విన్నాడు. సాయంత్రపు దాడి ఎందుకో, ఆ దిడ్డి నుంచే ఎందుకో అడగలేదు.

"ఏమీ అడగరేం నాయకా? ముసలి గుర్రానికి కళ్ళెం వదిలితే పచ్చిక ఎక్కడుందో అదే వెతుక్కుంటుందంటారు."

"గుర్రం ముసలిదే దేవరా. కొట్టం ఏదో మాత్రం మరవలేదు." నాయకుడు కమ్మ తీసి, దాని మీద బొటనవేలు మెల్లగా నడిపి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ నడుముకు దోపుకున్నాడు. "ఈ కోటలో ఇప్పుడు సంపెంగనూనె ఉన్నది ఒక్క తమ గదిలోనే. దేవరవారు దీన్ని చదివారు కదా?"

ఓబళరాజు మీసం మీది చేయి దించాడు. "చదివాను."

"అయితే ఇక నేను చదవనక్కరలేదు. చదివిన తరువాత కూడా దేవర నన్ను వెళ్ళమన్నారంటే, వెళ్ళడమే."

ఎంత తెగింపు, సిగ్గయినా లేదు, అనుకున్నాడు రాజు. ఆ మాటకు అసలు అర్థం అతనికి చాలాకాలం తరువాత కాదు, ఆ సాయంత్రమే తెలిసింది. కానీ అప్పటికే ఆలస్యం అయిపోయింది.

పోతూ పోతూ నాయకుడు ఒక్క కోరిక కోరాడు. తాము బయటికి పోగానే, శత్రువు చొరబడకుండా, దిడ్డిని లోపలి నుంచి రాళ్ళు పేర్చి మూసేయాలి, తానే వచ్చి తట్టినా తెరవకూడదు. ప్రగ్గడ గబగబా అడ్డం వచ్చాడు. అదేం మాట, నాయకులవారు తిరిగి రావద్దా, తలుపు తీసి ఉంచాలి గదా అన్నాడు. తిరిగి రావడం సంగతి నేను చూసుకుంటానన్నాడు నాయకుడు. ఓబళరాజు, పోయేవాడికి తలుపెందుకన్న అక్కసుతో, అలాగే కానివ్వండని సెలవిచ్చాడు. ఆనాడు అతను చేసిన మంచిపని అదొక్కటే. అదీ అక్కసుతో చేసింది.

పొద్దు వాలుతుండగా రాజు తూర్పు బురుజెక్కాడు. బొప్పరాజు పాళెంలో వంటపొగలు లేచాయి. దిడ్డి నుంచి నాయకుడూ అతని మనుషులూ బయటపడి ధాన్యపు పాకల వైపు వంగి పరుగెత్తారు. వెనక ఉప్పరులు రాళ్ళు పేర్చడం మొదలెట్టారు. పాకలు చేరక ముందే, పక్కనున్న జొన్నచొప్ప వాములు కదిలాయి. వాముల వెనక నుంచి శత్రువుల బల్లేలు లేచాయి. దాడి సంగతి వాళ్ళకు ముందే తెలుసు.

నాయకుని మనుషులు అతని చుట్టూ వలయం కట్టారు. ఆ పోరాటంలో ఒక వింత రాజు చెవిన పడింది. అటూ ఇటూ ఉన్న బంట్లు ఆగకుండా కేకలు వేస్తున్నారు: "నాయకా, ఎడమ. నాయకా, ముందు. నాయకా, మోకాలి ఎత్తున." కేక ఎటు వస్తే కత్తి అటు పోతోంది, తప్పకుండా పోతోంది. ఏనుగుల మందల్లో నిలిచి గెలిచిన యోధుడికి ఎవరు ఎక్కడున్నారో చెప్పాల్సిన అవసరమేమిటో ఓబళరాజుకు అర్థం కాలేదు. కేకలు ఒక్కటొక్కటిగా తగ్గాయి. చివరికి ఒకే గొంతు మిగిలింది. అదీ ఆగిపోయాక నాయకుడు కాసేపు నాలుగు దిక్కులా కత్తి తిప్పుతూ ఉండిపోయాడు.

శత్రువులు దిడ్డి మీదికి ఉరికారు. తెరిచి ఉంటుందని నమ్మి వచ్చినవాళ్ళ పరుగు అది. గోడ తగిలింది. పైనుంచి రాళ్ళూ, మరిగే గంజీ పడ్డాయి. లోపల అదే సమయంలో నామయ ప్రగ్గడ ఉప్పరుల మీద పడి రాళ్ళు లాగేయమని అరుస్తున్నాడు.

"నాయకులవారు తానొచ్చి తట్టినా తెరవొద్దన్నారు సామీ," అన్నాడు ఉప్పరి పెద్ద, ఇంకో రాయి ఎత్తి పెడుతూ. "తమరు తడితే తెరవమని మటుకు చెప్పలేదు."

ప్రగ్గడ తానే రాళ్ళు లాగబోతే, వాళ్ళు అతని చేతులు కట్టేసి పక్కన కూర్చోబెట్టారు. ఆ పక్కనే అతని ఇంటివాళ్ళు మూటాముల్లె కట్టుకొని, ప్రయాణానికి సిద్ధమై కనబడ్డారు. బురుజు మీది నుంచి ఓబళరాజు అదంతా చూశాడు. అతను దిగువకోటకు మెట్లు దిగాడు.

వీరుల దేహాలు తెచ్చుకోవడానికి బొప్పరాజు అడ్డు చెప్పలేదు. దిగువకోట ముంగిట్లో, సేన అంతా చూస్తుండగా, గుండమనాయకుని దేహం దింపారు. పైకోట మెట్ల మీద మైలమాంబ దిగివచ్చింది. రాజమాత దిగువకోటకు రావడం ఎవరూ ఎన్నడూ ఎరగరు. జనం తప్పుకున్నారు. ఆమె నేల మీద కూర్చుని, నాయకుని నడుముపట్టీలోంచి కమ్మ తీసి, దాని మీద బొటనవేలు నడిపింది. వేలు నున్నగా జారిపోయింది. వాసన చూసింది. తలెత్తి కొడుకు మీసం వైపు చూసింది. మసి ఇంకా పూర్తిగా పోలేదు.

"ఓబళా, దీనికి మసి పూసింది నువ్వా?"

"అవునమ్మా."

"ఆయనకు చూపు మందగించి రెండు వేసవులైంది. సేనకు తెలిస్తే గుండె జారుతుందని దాచాడు. దగ్గరుండే బంట్లకూ, నాకూ తెలుసు. అందుకే లోతుగా గీసి, మసి పూయకుండా పంపేదాన్ని. వేలితో చదువుకునేవాడు. నువ్వు గీతలన్నీ పూడ్చేశావు."

ఓబళరాజు అడిగాడు: "ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు కదమ్మా?"

"చదివించుకుంటే నా పేరు బయటపడుతుంది."

దేవరవారు చదివారు కదా, ఇక నేను చదవనక్కరలేదు. ఆ మాట ఇప్పుడు ఓబళరాజు లోపల తలుపు తట్టినట్టు తట్టింది. తాను తెలుసుకోలేనిది తన రాజు తెలుసుకున్నాడనీ, తెలుసుకునే పంపుతున్నాడనీ నమ్మి వెళ్ళాడు నాయకుడు. రాజు తెలుసుకున్నది సగం. ఓబళరాజు కమ్మ అందుకుని మొదటిసారి రెండో వైపు తిప్పాడు. నాలుగు పంక్తులు చదవగానే తల కిందికి వాలిపోయింది.

"మనసులో కాదు," అంది మైలమాంబ. "పైకి చదువు. మొదటి నుంచి."

"అమ్మా, ఇంతమందిలోనా? నీ పేరు..."

"ఆ పేరు కాపాడటానికే ఆయన పోయాడు. ఇక అది ఎవరి కోసం నాయనా? నేను రాసింది ఆయన వినలేదు. పూడ్చినవాడివి నువ్వు, నువ్వే వినిపించు."

ఏదులగిరి ప్రభువు సేన ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని చదివాడు. వావిలాకు కాపడం దగ్గర ఒక ముసలి బంటు ముక్కు చీదుకున్నాడు. దగ్గు కోసం చెవి ఒగ్గిన చోట రాజు రెండుసార్లు ఆగాడు. ఎవరూ నవ్వలేదు, నవ్వి ఉంటే అతనికి కొంత తేలిక అయ్యేది. తరువాత కమ్మ తిప్పాడు.

"నిన్న అక్కడ ఆపింది కన్నీళ్ళు వచ్చి కాదు, మావాడి ఆజ్ఞ ప్రకారం దీపం ఆర్పేశారు. ఈ పొద్దున అంకి ఒక కబురు తెచ్చింది. ప్రగ్గడ తన ఇంటివాళ్ళ చేత మూటలు కట్టించి తూర్పు దిడ్డి దగ్గరికి చేర్చాడట. ఆ తలుపు తెరిపించాలంటే మిమ్మల్ని ఆ దారిన బయటికి పంపాలి. ఏ మిష పెట్టినా వెళ్ళకండి. గాయమైందని పడుకోండి, ప్రగ్గడకు కాపలా పెట్టండి. ఓబళుడికి చెబుదామంటే నమ్మడు. అది వాడి తప్పు కాదు. తండ్రి పోయిననాడు వాడికి చేయి అందించింది ప్రగ్గడ, నేను మూల కూర్చుని ఏడ్చాను. ఆ అప్పు తీరేదాకా, వాడు గద్దె మీద కుదురుకునేదాకా, నేను ఏ శ్రీశైలానికీ రాలేను. మీరు ఎదురుచూస్తానన్నారు. చూడండి. వాడు చెడ్డవాడు కాడు, తొందరపాటు మనిషి. ఏ కమ్మనూ చివరిదాకా చదవడు. నేను లేనప్పుడు వాణ్ణి..."

అక్కడ కమ్మ అంచు. చివరి అక్షరాల మీద మసి మరీ దట్టంగా పడి, ముద్దకట్టి ఉంది. ఓబళరాజు గోటితో గోకాడు. అంగవస్త్రంతో తుడిచాడు. ఉమ్మి తడి చేసి మళ్ళీ తుడిచాడు. మసి రాలేదు, సంపెంగ వాసన మాత్రం లేచింది.

"తరువాత ఏమి రాశావమ్మా?"

మైలమాంబ కొడుకు చేతిలోంచి కమ్మ తీసుకుని, నాయకుని అరచేతిలో పెట్టి, ఆ వేళ్ళు ఒక్కొక్కటిగా దాని మీదికి ముడిచింది.

"అది నీకు రాసింది కాదు," అంది.